చెల్లితో కాలేజీ చూసొచ్చిన రెండు రోజులు

నేను ఆర్మూర్‌లో ఒక మందుల షాపు కౌంటర్ దగ్గర పని చేస్తాను. మా చెల్లికి నర్సింగ్ సీటొచ్చిన సంగతి బజారంతా తెలుసు కాబట్టి, ఎవరింట్లో ఆడపిల్లకు సీటొచ్చినా నా దగ్గరికే వస్తారు. జ్వరం గోలీలు అడిగి, చిల్లర జేబులో వేసుకుని, అప్పుడు అసలు విషయం తీస్తారు. "సీటొచ్చినోళ్లను ముందుగాలనే రెండు రోజులు పిలుస్తరట గదా, కాలేజి సూపిస్తందుకు. ఏం జేస్తరు గాడ?" అంటారు. చెప్పగలిగింది చెబుతాను. దుప్పటి, ప్లేటు, గ్లాసు పట్టుకెళ్లండి. తాళం కప్ప ఇక్కడే కొనుక్కోండి, అక్కడి దుకాణంలో ధర మండిపోతుంది. ఇంటి నుంచి ఒక ఆడమనిషిని తోడు ఉండనిస్తారు. తిండి బాగానే పెడతారు, ఆ రెండు రోజుల వరకు. ల్యాబులు చూపిస్తారు, సీనియర్లను పరిచయం చేస్తారు, గుంపుగా నిలబెట్టి ఫోటోలు తీస్తారు. వాళ్లు తలూపి వెళ్లిపోతారు. మిగతాది నేను చెప్పను. మందుల సంచి చేతిలో పట్టుకుని నిలబడి వినే సంగతి కాదది.

మా బాపు పసుపు గోదాంలో హమాలీ. అమ్మ అదే గోదాంలో పసుపు కొమ్ములు వేరు, గుండ్రటి మండలు వేరు చేసి పోసే పనికి పోతుంది. ఎన్ని సబ్బులు అరగదీసినా ఇద్దరికీ గోళ్ల సందుల్లో పసుపు పోదు. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది చెల్లి కూడా అమ్మ వెంట పోయింది. రోజంతా ఆ దుమ్ములో కూర్చుని, సాయంత్రం పచ్చటి ముక్కు చీదుకుంటూ వచ్చి, "నేను సస్తె గూడ మల్ల కొమ్ములేర" అని ఇంట్లో అందరి ముందూ ఖరాఖండిగా చెప్పేసింది. అందుకే ఆ సీటు మా ఇంట్లో అంత పెద్ద విషయం. ప్రభుత్వ కాలేజీలో రాలేదు. ఎక్కడో హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో వచ్చింది. అది వదులుకుంటే మళ్లీ గోదామే గతి.

వానలు వెనకబట్టే రోజుల్లో చెల్లి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, శని ఆదివారాలు వచ్చి హాస్టల్లో ఉండి, అంతా చూసుకుని, తర్వాతే చేరండి అని. లెక్కప్రకారం తోడు పోవాల్సింది అమ్మ. కానీ కొత్త చోట అమ్మకు నోరు పెగలదు. నాకు నోరెక్కువ అని ఇంటా బయటా పేరు కాబట్టి నన్ను పంపారు. "గీ ఒక్కసారన్న నీ నోరు పనికొస్తది పో" అన్నాడు బాపు, బస్టాండులో మా సంచి ఎక్కిస్తూ. ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టించుకుని, కిటికీ పక్క సీటు కోసం చెల్లీ నేనూ చిన్నప్పటిలా కొట్లాడుకుంటూ వెళ్లాం. మళ్లీ అలా కొట్లాడుకున్నది లేదు.

కాలేజీ గేటు దగ్గర తెల్ల చుడీదార్లలో సీనియర్లు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. మేం ఆటో దిగగానే అందరూ ఒకేసారి నవ్వారు. అంతమంది ఒక్కసారి నవ్వితే నాకు మంచిగా అనిపించదు, అది నా బుద్ధి. చెల్లి మాత్రం మురిసిపోయింది. కొత్తగా వచ్చిన ఒక్కొక్కరికీ ఒక సీనియర్‌ను అప్పగించారు. మాకు వచ్చినామె బక్కపలుచగా, తియ్యటి మాటతో ఉంది. వచ్చీ రాగానే చెల్లి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నా చెల్లెవు గిప్పటిసంది" అంది. ఆ చెయ్యి ఆ రోజంతా అక్కడే ఉంది. సొంత అక్కను, నేను వెనక సంచులు మోసుకుంటూ నడిచాను.

ల్యాబులో మంచం మీద రబ్బరు రోగిని పడుకోబెట్టారు. దానికి సూది ఎలా వేయాలో ఒక పిల్ల చేసి చూపించింది. హాల్లో ఒక పెద్ద మేడమ్ మాట్లాడింది, ఇది కాలేజీ కాదు కుటుంబం అని. పక్కన కూర్చున్న తల్లులు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మా సీనియర్ హాస్టల్ చూపిస్తూ, మెట్ల దగ్గర ఆగి, ఏదో గొప్ప సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "గీడ ఒక్కరు తప్పు చేస్తే ఫ్లోర్ మొత్తానికి పనిష్మెంట్ అక్కా. ఫోన్లు గుంజుకుంటరు, ఔటింగ్ బంద్. గందుకే ఎవ్వరు తప్పు చెయ్యరు." పగలు చూసిపోదామని వచ్చిన ఒక తండ్రి, ఎక్కడో పెద్దపల్లి దిక్కు మనిషట, "గట్లుండాలె డిసిప్లిన్ అంటె" అని మెచ్చుకున్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు. మధ్యాహ్నం మెస్‌లో తెలిసింది.

పొడుగాటి బల్లలు, ఇనుప కుర్చీలు. సీనియర్లే వంతులవారీగా వడ్డిస్తున్నారు. మా బల్ల చివర, గోడ మూలన, కళ్లద్దాల అమ్మాయి ఒకతె కూర్చుంది. ఆమెకు ఇటు కుర్చీ ఖాళీ, ఎదురు కుర్చీ ఖాళీ. జనం ప్లేట్లు పట్టుకుని చోటు వెతుక్కుంటున్నా అటు ఒక్కరూ పోలేదు. ముందు నేనంతగా పట్టించుకోలేదు. ఇంతలో నీళ్ల జగ్గు చేతులు మారుతూ వరసగా వస్తోంది. ఆ ఖాళీ కుర్చీకి ఇవతల కూర్చున్న పిల్ల తన గ్లాసులో పోసుకుంది. జగ్గును బల్ల మీద పెట్టలేదు. లేచి, చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి బల్లకు ఇచ్చి వచ్చి కూర్చుంది. మొహంలో కోపం లేదు, చిరాకు లేదు. పక్కదానితో మాట్లాడుతూ, నవ్వుతూనే ఆ పని చేసింది. కళ్లద్దాల అమ్మాయి కూడా జగ్గు వైపు చూడలేదు. సంచిలోంచి తన సీసా తీసి, మూత తిప్పి తాగింది.

వేరేవాళ్లయితే అది చూసేవాళ్లే కాదు. నేను ఎందుకు చూశానంటే, ఆ బతుకు మేం బతికాం.

మేం పుట్టింది ఆర్మూర్ కాదు, దగ్గర్లోని ఒక ఊరు. మా దిక్కు ఊళ్లలో పెద్దలంతా కలిసి కమిటీ పెట్టుకుంటారు. గుడి పనైనా, తగాదా అయినా కమిటీ చెప్పిందే తీర్పు. నేను ఏడో తరగతిలో ఉండగా, పొలం గట్టు తగాదాలో బాపు కమిటీ దగ్గరికి పోకుండా పోలీస్ స్టేషన్‌కు పోయాడు. అంతే. ఆ సాయంత్రమే ఊళ్లో డప్పు మోగింది, వాళ్లింటితో మాట్లాడినవాళ్లకు జరిమానా అని. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పాలు రాలేదు. ట్రాక్టర్ రాలేదు. మంగలి బాపుకు గడ్డం గీయలేదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల సంచి తీసుకుని వెనక బెంచీకి పోయింది. చెల్లి అప్పటికి ఇంకా అంగన్‌వాడీకి పోతుండేది. ఒకరోజు రూపాయి పట్టుకుని కిరాణా కొట్టు ముందు నిలబడి, "మామా బిస్కెట్, మామా బిస్కెట్" అని అరిచి అరిచి ఇంటికొచ్చి, దుకాణం మామకు చెవుడొచ్చిందని చెప్పింది. అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

మా పక్కింటి అవ్వ ఒకామె ఉండేది. ఆమెకు మా మీద జాలి, కమిటీ అంటే భయం. అందుకని తన మేకతో మాట్లాడేది. మా గోడ దగ్గర మేకను కట్టేసి, దాని చెవి నిమురుతూ, "మేకా, రేపు రేషన్ దుకాణం తెరుస్తరట. పొద్దుగాలనే పోతె ఎవ్వరుండరు" అనేది. మేకకు చెప్పినందుకు జరిమానా లేదు. అలా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. చివరికి బాపు పొలం వదిలేసి మమ్మల్ని ఆర్మూర్ తీసుకొచ్చాడు. గోదాంలో మనుషులు పొద్దంతా ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఆ అరుపులు వింటే బాపుకు ప్రాణం లేచొస్తుంది.

సాయంత్రం సీనియర్లు కొత్త పిల్లలకు కింద ఆటలు పెట్టారు. నేను తువ్వాలు ఆరేయడానికి డాబా మీదికి పోయాను. కళ్లద్దాల అమ్మాయి అక్కడ ఒక్కతే బట్టలు తీస్తోంది. మిగతా తీగల మీద బట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆమె తీగ మీద ఆమెవి తప్ప ఇంకొకరి జేబురుమాలు కూడా లేదు. నేను రావడం చూసింది. వెంటనే నాకు వీపు తిప్పి, చేతిలోని దుపట్టాను దులుపుతూ, ఆ దుపట్టాతోనే అన్నట్టు అంది. "రెండో ఫ్లోర్ల రూమ్ ఇస్తమంటె వద్దనాలె. ఎట్లన్న జేసి వేరే ఫ్లోర్ అడుగాలె."

ఆ మాట్లాడే తీరు నాకు తెలుసు. నేను పోయి ఆమె ముందు నిలబడ్డాను.

"నాతోనేనా చెల్లే మాట్లాడుతున్నవు?"

ఆమె బెదిరి మెట్ల వైపు చూసింది. "నాతోని మాట్లాడకుండ్రి అక్కా. మీరు పోతరు. మీ చెల్లె గీడనే ఉంటది గదా."

"ఏం జేసినవు నువ్వు?"

"నా రూమ్‌ల పిల్లకు మస్తు జ్వరమొచ్చింది. దవాఖానకు తీస్కపోమంటె వార్డెన్ మేడమ్ రేపు రేపు అన్నది. ఒళ్లు కాలిపోతుంటె భయమై నేనే వాళ్లింటికి ఫోన్ చేసిన. వాళ్ల నాయిన వచ్చి లొల్లి చేసిండు. గంతే, ఫ్లోర్ మొత్తానికి ఫోన్లు గుంజుకున్నరు. అప్పటిసంది నాతోని ఎవ్వరు మాట్లాడరు."

"గా జ్వరమొచ్చిన పిల్ల గూడనా?"

ఆమె చిన్నగా నవ్వింది. "మీకు కాలేజి సూపిస్తున్నది గామెనే."

నా ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే కిందికి పోయి, కుటుంబం కుటుంబం అన్న ఆ పెద్ద మేడమ్‌ను అడిగి కడిగేస్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. తడి ఆరని బట్టలు తీసిన చెయ్యి, చల్లగా ఉంది. "మీరు అడిగితె మల్ల ఫ్లోర్‌కే పనిష్మెంట్ అక్కా. ఎవరి వల్ల వచ్చిందని సూస్తరు. గప్పుడు మీ చెల్లె వచ్చి నా పక్కన కుర్సీల కూసుంటది." ఇంత నోరున్న నేను నోరు మూసుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడి ఆమె నా చెయ్యి వదిలేసింది. పైకి ఎవరూ రాలేదు. చప్పుడు వచ్చినట్టే వెనక్కి దిగిపోయింది.

మర్నాడు పొద్దున మమ్మల్ని పిలవడానికి మా సీనియర్ రాలేదు. మేమే మెస్ వెతుక్కుంటూ పోయాం. ఉప్మా పెట్టించుకుని కూర్చుంటే, మా బల్ల మీదున్న పిల్లలు ఒక్కొక్కరే లేచి పక్క బల్లలకు సర్దుకున్నారు. తొందరపడలేదు. చెంచా తెచ్చుకోవడానికి ఒకరు, చట్నీ కోసం ఒకరు లేచారు, మళ్లీ ఇటు రాలేదు. నిన్నంతా చెల్లి భుజం మీద చెయ్యేసి తిరిగినామె అవతలి బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుంది. చెల్లి చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది.

"ఏం జేసినవక్కా?" అంది, పెదవి కదలకుండా. "నిన్న పైన గామెతోని మాట్లాడినవట గదా."

సరిగ్గా అప్పుడే కళ్లద్దాల అమ్మాయి ప్లేటు పట్టుకుని లోపలికొచ్చింది. నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడదు. "రా చెల్లే, గీడ కూసో" అని మెస్ మొత్తం వినపడేలా పిలిచాను. ఒక్కసారిగా మాటలన్నీ ఆగిపోయాయి. ఎవరూ మా వైపు చూడలేదు, అందరూ వింటున్నారు. ఆమె తటపటాయించింది. వద్దన్నట్టు నన్ను చూసింది. నేను కుర్చీ లాగి పెట్టాను. వచ్చి నా పక్కన, చెల్లికి ఎదురుగా కూర్చుంది.

చెల్లి లేచింది. ప్లేటు తీసుకుంది, గ్లాసు తీసుకుంది, నన్ను గానీ ఆమెను గానీ చూడలేదు. అవతలి బల్ల దగ్గరికి నడిచింది. మా సీనియర్ వెంటనే పక్కకు జరిగి, "రా రా చెల్లే, గీడ జాగుంది" అని భుజం మీద మళ్లీ చెయ్యి వేసింది. మెస్‌లో మాటలు తిరిగి మొదలయ్యాయి. ఎవరో నవ్వారు కూడా. నాకు చెల్లి మీద అసహ్యం పుట్టింది, వెంటనే జాలేసింది. అలా ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి, ఉప్మా చల్లారిపోయింది.

కళ్లద్దాల అమ్మాయి మాత్రం తాపీగా తింటోంది. "తిట్టకుండ్రి అక్కా" అంది, తల ఎత్తకుండానే. "పోయిన సాలు గీ మూలకు ఇంకొకామె కూసునేది. నేను మొదటిసారి కాలేజి సూస్తందుకు వచ్చిన్నాడు నా ఎదురుంగ వచ్చి కూసుంది. నేను గూడ గిట్లనే లేచిన."

"గామె ఏమైంది?"

"మానేసి పోయింది. ఎందుకు పోయిందని ఎవ్వరు అడుగలె. నేను గూడ అడుగలె."

మధ్యాహ్నం గుంపు ఫోటో తీశారు. చెల్లి మధ్యలో నిలబడి నవ్వుతోంది. నేను ఫోటోలో లేను, సంచుల దగ్గర కాపలా ఉన్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు చెల్లికే వదిలేశాను. కామారెడ్డి దాటాక నేనే ఉండబట్టలేక అన్నాను. "ఇంకో కాలేజి సూద్దాం. గాడ వద్దు."

"ఇంకో కాలేజి లేదక్కా. గోదాము ఉన్నది." కిటికీ వైపే చూస్తూ అంది. "నువ్వు ఆర్మూర్‌కు పోయి మందులమ్ముకుంటవు. నాలుగేండ్లు గాడ తినేది నేను, పండేది నేను."

"మనూర్ల మనకేమైందో నీకు యాదికి లేదా?"

చెల్లి అప్పుడు నా మొహంలోకి చూసింది. "యాదికుంది గనుకనే లేచిన" అంది.

ఇంటికొచ్చాక చెల్లి అమ్మకు ఫోటోలు చూపిస్తూ, ల్యాబులో రబ్బరు మనిషి గురించి చెబుతూ నవ్విస్తోంది. బాపు పని నుంచి అప్పుడే వచ్చి, వాకిట్లో నల్లా దగ్గర చేతులు రుద్దుకుంటున్నాడు. నేను పోయి పక్కన కూర్చుని అంతా చెప్పాను. జగ్గు సంగతి, డాబా సంగతి, ఉప్మా సంగతి, ఏదీ దాచలేదు. బాపు ఆ రోజుల్లో ఎలా ఉన్నాడో నేను చూశాను. గడ్డం పెరిగి, మాట్లాడే మనిషి లేక, ఎడ్లతో కూడా మాట్లాడడం మానేసి, గోడకానుకుని కూర్చునేవాడు. ఊరి మీద ఉన్న కోపమంతా ఆ కాలేజీ మీద తీసుకుంటాడని, పిల్లను పంపేది లేదంటాడని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే చెప్పాను.

బాపు నల్లా కట్టేశాడు. "అయితె చిన్నది లేచిందా?" అని అడిగాడు.

"లేచింది."

"గాళ్లు జాగిచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు."

బాపు గట్టిగా ఊపిరి వదిలాడు. ఎన్నాళ్ల నుంచో మోస్తున్న బస్తా దించినట్టు భుజాలు వదులయ్యాయి. "బతుకుతది తియ్యి బిడ్డా. దానికి నాలెక్క ఒంటి బతుకు రాదు" అన్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. నాకు ఏడుపొచ్చింది. ఆయన నేను అలసిపోయాననుకుని, పోయి తిను పో అన్నాడు.

చెల్లి చేరింది. రెండో ఫ్లోర్‌లోనే రూమ్ ఇచ్చారు. వేరే ఫ్లోర్ అడగమని నేను చెప్పాను, అది అడగలేదు. ఆదివారాలు ఫోన్ చేయనిస్తారు. తిండి ఎలా ఉందో, అనాటమీ ఎంత కష్టమో, ఎవరి పుట్టినరోజుకు కేక్ కోశారో చెబుతుంది. గొంతు హుషారుగా ఉంటుంది. అమ్మ స్పీకర్ పెట్టించుకుని వింటుంది. బాపు గడపలో నిలబడి వింటాడు. ఆ హుషారు వింటే వాళ్లిద్దరి మొహాలూ వెలుగుతాయి. నాకు మాత్రం, ఆ హుషారు ఎవరి పక్క కుర్చీ ఖాళీ చేసి తెచ్చుకుందో అని గుబులు.

మొన్న ఒక ఆదివారం షాపులో ఎవరూ లేని వేళ నేనే చేశాను. అది ఇదీ మాట్లాడి, ఇక ఆగలేక అడిగేశాను. "గా కళ్లద్దాల పిల్ల ఎట్లుందే?"

అవతల పిల్లల మాటలు, ప్లేట్ల చప్పుడు వినపడుతున్నాయి.

"ఏ పిల్లక్కా? గట్ల గీడ ఎవ్వరు లేరు" అంది చెల్లి, ఫోన్‌లో మాట్లాడడానికి అవసరం లేనంత గట్టిగా.

ఆ గట్టితనం నాకు తెలుసు. ఊళ్లో మా గడప ముందు నుంచి పోతూ మనుషులు అలాగే అనేవారు, గా ఇంట్ల ఎవ్వరు లేరు అని. మేం లోపల ఉన్నామని తెలిసే అనేవారు. మాకు వినపడాలనే అనేవారు. ఆ అమ్మాయి మానేసి పోలేదు. అక్కడే, చెల్లి మాట వినపడేంత దూరంలో నిలబడి ఉంది.

నేను కౌంటర్ మీదికి వంగి, ఫోన్ నోటికి ఆనించుకుని, నా గొంతులో ఎంత బలముందో అంతా పెట్టి అరిచాను. "బిడ్డా, తిన్నవా?"

ఎవరిని అడిగానో చెల్లికి అర్థమైంది. ఫోన్ కట్ చేసింది.